మింగిన వస్తువు వెనుక అరటిపండు తినిపించకండి

పాఠకుల ప్రశ్నలు, జీర్ణకోశ వైద్యుని సమాధానాలు

పిల్లలు నాణేలు, బ్యాటరీలు మింగడం గురించి, పెద్దల గొంతులో ముళ్ళు, ఎముకలు ఇరుక్కోవడం గురించి ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను. ఉత్తరాలను కుదించాను, రాసినవారి పేర్లు, వారు వెళ్ళిన ఆసుపత్రుల పేర్లు తీసివేశాను. విజయవాడ సూర్యారావుపేటకు వచ్చినా, గుంటూరు కొత్తపేటకు వెళ్ళినా, ఏదో మింగిన మనిషిని తీసుకొచ్చిన కుటుంబాన్ని వైద్యులు మొదట అడిగేవి మూడు: మింగినది ఏమిటి, ఎంతసేపయింది, ఆ తరువాత ఏమి తినిపించారు. మూడో ప్రశ్నకు చాలాసార్లు వచ్చే జవాబు 'అరటిపండు'. ఆ జవాబు విన్నప్పుడల్లా నాకు కలిగే బాధ ఈ సమాధానాలన్నింటి వెనుకా ఉంది.

ప్రశ్న: మా పాపకు ఏడాదిన్నర. దీపావళికి కొన్న బ్యాటరీ ప్రమిద మూత ఊడిపోయి, అందులోని గుండ్రటి బ్యాటరీని రాత్రి ఎనిమిది గంటలకు మింగింది. దగ్గరలోని క్లినిక్‌కు తీసుకెళితే, విరేచనంలో పోతుందనీ, పొద్దున్న చూద్దామనీ చెప్పి పంపారు. మా అత్తగారు అరటిపండు గుజ్జు తినిపించారు. తెల్లవారేసరికి పాప నోటి నుంచి చొంగ ఆగకుండా కారింది, పాలు తాగలేదు. పెద్దాసుపత్రిలో ఎండోస్కోపీ చేసి బ్యాటరీ తీశారు, లోపల కాలిందని చెప్పారు. పది రోజులయింది. బ్యాటరీ కారిపోయిందా? ఆ రాత్రి ఆగడం మా తప్పేనా? ఇక భయం లేనట్టేనా? (ఒక తల్లి, పటమట, విజయవాడ)

సమాధానం: అమ్మా, మీరు పాపను ఆ రాత్రే వైద్యం కోసం తీసుకెళ్ళారు. తల్లిగా చేయవలసినది చేశారు. ఆగమన్న సలహా తప్పు, దాన్ని నమ్మిన మీది తప్పు కాదు. అయితే మీ ఉత్తరాన్ని చదివే వేలాది తల్లిదండ్రుల కోసం నేను స్పష్టంగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. అన్నవాహికలో ఇరుక్కున్న బటన్ బ్యాటరీ విషయంలో 'పొద్దున్న చూద్దాం' అన్న మాటకు చోటు లేదు. రెండు గంటలలోనే తీవ్రమైన గాయం మొదలవుతుంది.

బ్యాటరీ పగిలి అందులోని రసాయనం కారడం వల్లనే కాలుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి బ్యాటరీ చెక్కుచెదరకుండా ఉన్నా కాలుతుంది. అన్నవాహిక గోడ తడిగా ఉంటుంది కనుక అది బ్యాటరీ రెండు ధ్రువాలకూ తగిలినప్పుడు, దాని గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది. రుణ ధ్రువం వైపు ఉన్న తడిలో ఘాటైన క్షారం పుడుతుంది, ఆ క్షారం కణజాలాన్ని సబ్బులా కరిగిస్తూ లోతుకు పోతుంది. ఇది కంటితో చూడదగిన విషయమే. రెండు పలుచని కోడిమాంసం ముక్కల మధ్య 3 వోల్టుల కొత్త బ్యాటరీని పెట్టి వదిలేస్తే, కాసేపటికే అంచుల దగ్గర చిన్న బుడగలు లేస్తాయి. రెండు గంటల తరువాత పై ముక్క ఎత్తి చూస్తే బ్యాటరీ ఉన్న మేర మాంసం నల్లగా, జిగురుగా, గుండ్రటి అచ్చు వేసినట్టు ఉంటుంది. పిల్లల అన్నవాహికలో మేము స్కోపుతో, అంటే ఎండోస్కోపీకి వాడే గొట్టంతో, చూసేది సరిగ్గా ఆ నల్లటి వలయాన్నే. ఇందులో వాడి పారేసిన బ్యాటరీకీ మినహాయింపు లేదు. ప్రమిద వెలగడం మానేసిన తరువాత కూడా అందులో కాల్చడానికి సరిపడా శక్తి మిగిలి ఉంటుంది.

అన్నింటికంటే ప్రమాదకరమైనది 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం ఉండే సీఆర్2032 రకం. కారు తాళాలలో, వంటింటి కాటాలలో, చిన్న రిమోట్‌లలో, పాటపాడే గ్రీటింగు కార్డులలో, మీరు కొన్నటువంటి ప్రమిదలలో ఉండేది సాధారణంగా ఇదే. చిన్నవి జారి పొట్టలోకి పోతాయి, ఇది మాత్రం పసిపిల్లల అన్నవాహికలో సరిగ్గా ఇరుక్కునేంత వెడల్పు ఉంటుంది.

మీ అత్తగారు ప్రేమతోనే అరటిపండు పెట్టారు. కానీ ఇరుక్కున్న బ్యాటరీని అది కదిలించలేదు. పైగా దాని మీద గుజ్జు పేరుకుని స్కోపుకు దారి కనబడకుండా చేస్తుంది. కడుపులో ఆహారం ఉన్నప్పుడు మత్తు ఇస్తే అది ఎగదన్ని ఊపిరితిత్తులలోకి వెళ్ళే ప్రమాదమూ ఉంది. కడుపు నిండుగా ఉన్నా బ్యాటరీ కోసం మేము ఆగకుండా మత్తు ఇప్పిస్తాము, కానీ ఆ ప్రమాదాన్ని భరిస్తూ ఇప్పిస్తాము.

ఒక్క తేనెకు మాత్రం మినహాయింపు ఉంది. బ్యాటరీ మింగి 12 గంటలు దాటకుండా, బిడ్డ వయసు ఏడాది దాటి, మింగగలిగే స్థితిలో ఉంటే, ఆసుపత్రికి వెళ్ళే దారిలో 10 నిమిషాలకు ఒకసారి 10 మిల్లీలీటర్ల చొప్పున, అంటే సుమారు రెండు చెంచాలు, ఆరుసార్లకు మించకుండా తేనె ఇవ్వవచ్చు. తేనె బ్యాటరీ చుట్టూ పూతలా నిలిచి క్షారం తీవ్రతను తగ్గిస్తుంది. అవనిగడ్డ నుంచో, రేపల్లె నుంచో బయలుదేరిన కుటుంబానికి ఈ విషయం తెలిసి ఉండడం చాలా ముఖ్యం. కానీ ఇంట్లో తేనె లేదని కొట్టుకు వెళ్ళి ప్రయాణం ఆలస్యం చేయకూడదు. ఏడాది నిండని పసిబిడ్డకు తేనె అసలు ఇవ్వకూడదు. ఆ వయసులో దాని వల్ల బొటులిజం అనే నరాల జబ్బు రావచ్చు.

ఇక మీ మూడో ప్రశ్న. బ్యాటరీ తీసిన తరువాత కూడా క్షారం చేసిన గాయం కొన్ని రోజులు లోతుకు పోతూనే ఉంటుంది. అన్నవాహికకు ముందువైపు శ్వాసనాళం, పక్కనే బృహద్ధమని ఉంటాయి. అందువల్ల రానున్న రెండు మూడు వారాలూ మీరు కనిపెట్టి ఉండాలి. పాలు తాగేటప్పుడు పొలమారి దగ్గినా, జ్వరం వచ్చినా, అన్నింటికీ మించి నోటి నుంచి కొద్దిపాటి రక్తం పడినా, నల్లటి విరేచనం అయినా, అది ఎంత చిన్నదిగా కనిపించినా వెంటనే అదే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. పెద్ద రక్తస్రావానికి ముందు చిన్న రక్తపు జీర హెచ్చరికగా కనిపించవచ్చు. కొన్ని వారాల తరువాత మచ్చ కట్టి అన్నవాహిక సన్నబడవచ్చు, ముద్ద మింగడం కష్టమవుతుంది. అప్పుడు ఎండోస్కోపీ ద్వారానే బెలూన్‌తో వెడల్పు చేస్తారు. చాలామంది పిల్లలు కోలుకుంటారు. మీ పాప పది రోజులుగా తాగుతూ, ఆడుకుంటూ ఉంటే అది మంచి లక్షణం.

ప్రశ్న: మా నాలుగేళ్ళ మనవడు ఆరు రోజుల క్రితం రూపాయి బిళ్ళ మింగాడు. ఎక్స్‌రే తీసి, పొట్టలో ఉందని, దానంతట అదే పోతుందని డాక్టరు గారు చెప్పారు. పిల్లవాడు బాగానే తింటున్నాడు. ఇంకా బయటకు రాలేదు. రోజూ నాలుగు అరటిపండ్లు పెడుతున్నాము, నిన్న ఆముదం కూడా పట్టించాము. ఆపరేషన్ చేయించాలా? (ఒక తాతగారు, బ్రాడీపేట, గుంటూరు)

సమాధానం: వద్దు తాతగారూ. మీ డాక్టరు చెప్పిన మాట సరైనది. మింగిన వస్తువులలో నూటికి 80 నుంచి 90 వరకు దేనికీ తగలకుండా వాటంతట అవే బయటకు పోతాయి; ఎండోస్కోపీ అవసరమయ్యేవి 10 నుంచి 20, కత్తిపెట్టవలసి వచ్చేవి నూటికి ఒకటి కంటే తక్కువ. నాణెం ఒకసారి పొట్టలోకి దిగిన తరువాత, పిల్లవాడికి నొప్పి, వాంతులు లేకుండా ఉంటే మూడు నాలుగు వారాల వరకు నిశ్చింతగా చూడవచ్చు. వారానికో రెండు వారాలకో ఒక ఎక్స్‌రే సరిపోతుంది. అప్పటికీ పొట్టలోనే ఉండిపోతే ఎండోస్కోపీతో తీస్తారు. సుమారు 25 మిల్లీమీటర్లు దాటిన నాణెం జీర్ణాశయం చివరి ద్వారం దాటడం కష్టం. 27 మిల్లీమీటర్లు ఉండే పది రూపాయల బిళ్ళ ఆ కోవలోకి వస్తుంది. మీ వాడు మింగిన రూపాయి చిన్నది.

ఆముదం ఆపేయండి. అది నాణేన్ని తొందరగా తీసుకురాదు, పిల్లవాడిని నీరసపరుస్తుంది. అరటిపండ్లు కూడా మామూలుగా తినేటన్ని చాలు. విరేచనాన్ని పాత జల్లెడ మీద వేసి నీళ్ళు పోసి చూడండి. నాణెం కనబడకుండానే పోవడమూ మామూలే, అందుకే ఎక్స్‌రే మాట చెప్పాను.

అదే నాణెం పొట్టలో కాక అన్నవాహికలో ఉంటే లెక్క వేరు. మెడ కింది భాగంలోనే తరచుగా ఆగుతుంది. లక్షణాలు లేకపోయినా అక్కడ 24 గంటలకు మించి ఉండనివ్వకూడదు. చొంగ కారుతున్నా, ఆయాసం ఉన్నా అంతసేపు కూడా ఆగకూడదు. ఇంకొక జాగ్రత్త: పిల్లవాడు 'బిళ్ళ' అన్నాడని నాణెమే అనుకోకూడదు. ఎక్స్‌రేలో నాణెం ఒకే గుండ్రటి మచ్చగా కనబడుతుంది, బ్యాటరీకి అంచులో ఒకదానిలో ఒకటిగా రెండు వలయాలు కనబడతాయి, పక్క నుంచి తీసిన ఫిల్ములో మెట్టులాంటి అంచు ఉంటుంది. మీ ఫిల్ము డాక్టరు చూశారు కనుక మీకు ఆ చింత లేదు, కానీ ఫిల్ము చూసే ప్రతి ఒక్కరూ ఆ రెండో వలయం కోసం వెతకాలని నా కోరిక.

ప్రశ్న: శీలావతి చేప కూర తింటుండగా ముల్లు గుచ్చుకుంది. పెద్దవాళ్ళు చెప్పినట్టు ఉత్త అన్నం ముద్దలు నమలకుండా మింగాను, నిమ్మరసం తాగాను. ఇది జరిగి మూడు రోజులు. మింగినప్పుడల్లా ఒకేచోట పొడుస్తోంది. మెడ ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ముల్లు పోయిందా, ఉందా? (ఒక గృహిణి, కృష్ణలంక, విజయవాడ)

సమాధానం: అమ్మా, ముల్లు ఉందనే అనుకుని ఈ రోజే పరీక్ష చేయించుకోండి.

కృష్ణా తీరంలో పుట్టినవారికి చేపలు కొత్త కాదు, ముళ్ళూ కొత్త కాదు. కొర్రమీనుకు ముళ్ళు తక్కువ. శీలావతి, బొచ్చెలలో మాత్రం వెన్నెముకతో సంబంధం లేకుండా కండలోనే దాగి, కొస రెండుగా చీలి ఉండే సన్నని ముళ్ళు ఉంటాయి. వేలికి తగలవు, నాలుకకు తగిలేసరికే ముద్ద సగం దిగిపోతుంది. అవి చాలాసార్లు గుచ్చుకునేది టాన్సిళ్ళలోనో, నాలుక మొదట్లోనో. అక్కడ ఉంటే ఈఎన్‌టీ డాక్టరు దీపం పెట్టి చూసి, చిన్న పటకారుతో కుర్చీలో కూర్చోబెట్టే తీసేస్తారు. అందుకే ముల్లు గుచ్చుకున్నవారు మొదట వెళ్ళవలసింది ఈఎన్‌టీ దగ్గరికి. అక్కడ కనబడకపోతే మా దగ్గరికి పంపుతారు.

అన్నం ముద్ద గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే ఈ అలవాటు ప్రతి ఇంట్లోనూ ఉంది, దాన్ని చెప్పేవారు మన క్షేమం కోరేవారే. ముల్లు పైపైన ఆని ఉన్నప్పుడు ముద్దతో పాటు జారిపోవచ్చు; అలా జారిపోయినవారే ఆ చిట్కాను పదిమందికి చెబుతారు. కానీ ముల్లు కొస ఇప్పటికే గోడలో దిగి ఉంటే, ముద్ద దాని తలమీద సుత్తిదెబ్బలా పనిచేస్తుంది. టాన్సిల్‌లో తేలికగా చేతికి అందేది, అన్నవాహికలోకి దిగి అడ్డంగా నిలబడుతుంది. అక్కడ గోడకు చిల్లు పడితే చీము మెడలోకి, ఛాతీ మధ్యభాగంలోకి పాకుతుంది. అన్నవాహికలో బృహద్ధమని ఆనుకుని ఉండే మలుపు దగ్గర ముల్లు నిలవడం నాకు అన్నింటికంటే ఆందోళన కలిగించే విషయం. నిమ్మరసం, వెనిగర్, మజ్జిగ ముల్లును కరిగించలేవు. గొంతులో నిలిచేది కొన్ని క్షణాలే, ఆ క్షణాలలో ఎముక మెత్తబడదు. వేలు పెట్టి వాంతి చేసుకోవడమూ మంచిది కాదు.

ఎక్స్‌రేలో లేదంటే ముల్లు లేదని కాదు. చేప ముల్లులో సున్నం తక్కువ, అందువల్ల మామూలు ఎక్స్‌రేకు చాలాసార్లు అందదు. సీటీ స్కాన్‌లో అందుతుంది. అది ఎంత లోతుకు దిగిందో, చుట్టూ గాలి, చీము చేరాయో కూడా చెబుతుంది. మూడు రోజులుగా ఒకేచోట పొడుస్తోందన్నారు కనుక మీకు నేను సీటీ తీసి, ఆ తరువాతే స్కోపు వేయమంటాను. బేరియం మందు తాగించి తీసే ఎక్స్‌రేకు మాత్రం ఒప్పుకోకండి. అది తెల్లగా పూతపూసి ముల్లును స్కోపు కంటి నుంచి దాచేస్తుంది.

తీసే విధానం మీరు అనుకున్నంత భయంకరంగా ఉండదు. స్కోపు సుమారు చిటికెన వేలంత లావు ఉండే మెత్తని గొట్టం. దాని లోపల 2.8 మిల్లీమీటర్ల సన్నని దారి ఉంటుంది, ఆ దారిలోంచి పటకారు పంపుతాము. ముల్లు పనికి గొట్టం కొసకు పారదర్శకమైన చిన్న టోపీ తొడుగుతాము. ఆ టోపీ అన్నవాహిక గోడలను రెండు పక్కలకూ ఒత్తి పట్టుకుంటుంది, అడ్డంగా నిలిచిన ముల్లు ఒక కొస మెల్లగా ఊడి టోపీలోకి వస్తుంది, దాన్ని అందులోనే ఉంచి బయటకు లాగుతాము. ముల్లు ముందే జారిపోయి, గీరుకున్న గాయం మాత్రమే మిగిలితే అది కూడా రెండు మూడు రోజులు పొడుస్తూనే ఉంటుంది. మీది అదే కావాలని కోరుకుంటున్నాను, కానీ చూడకుండా అలా అనుకోవడం తగదు. మెడ వాచినా, జ్వరం వచ్చినా, చర్మం కింద నొక్కితే పొడిపొడిలాడుతున్నట్టు తగిలినా అత్యవసర విభాగానికే వెళ్ళండి.

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్ళు, పక్షవాతం వచ్చి మాట సరిగా రాదు. నిన్న ఉదయం నిద్ర లేచేసరికి నోట్లో ఉండవలసిన రెండు కట్టుడు పళ్ళు కనబడలేదు. అప్పటి నుంచి ఏమీ తినడం లేదు, ఉమ్మి వేస్తూనే ఉన్నారు. ఎక్స్‌రే బాగుందన్నారు. మంచం కింద పడి ఉంటాయా? (ఒక కుమారుడు, తెనాలి)

సమాధానం: ఇప్పుడే బయలుదేరండి. ఉమ్మి మింగలేకపోవడమంటే అన్నవాహిక పూర్తిగా మూసుకుపోయిందని అర్థం. అటువంటి స్థితిలో ఎండోస్కోపీ కొన్ని గంటలలోనే జరగాలి. కట్టుడు పళ్ళ అక్రిలిక్ దిమ్మ ఎక్స్‌రేలో కనబడదు. కనబడేది పక్క పళ్ళకు తగిలించే ఇనుప కొక్కెం ఒక్కటే, అదీ లేని సెట్టు అయితే ఫిల్ము శుభ్రంగా ఉంటుంది. ఈ పత్రిక అచ్చయ్యే వరకు ఆగలేనందున ఈ జవాబును మీకు ఫోనులో ముందే చెప్పించాను. ఇతరుల కోసం ఇక్కడ రాస్తున్నాను.

ఆ కొక్కేలే తీసేటప్పుడు అసలు కష్టం. మింగేటప్పుడు లోపలికి మడతపడి దిగిన కొక్కెం, పైకి లాగేటప్పుడు చేప గాలంలా తెరుచుకుంటుంది. గత శతాబ్దపు తొలి సగంలో అమెరికాలో షెవాలియర్ జాక్సన్ అనే గొంతు వైద్యుడు మనుషుల గొంతు నుంచి, ఊపిరిగొట్టాల నుంచి తీసిన 2,374 వస్తువులను భద్రపరిచాడు. అవి ఇప్పటికీ ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో సొరుగులలో వరుసగా ఉన్నాయి. ముందుకు సాగే మొన గుచ్చుకుంటుంది, వెనుక వచ్చే మొన గుచ్చుకోదు అనే సూత్రాన్ని మేము ఆయన నుంచే నేర్చుకున్నాము. అందువల్ల తెరుచుకున్న పిన్నీసు మొన పైకి ఉంటే, దాన్ని అలాగే లాగము. వీలైతే జాగ్రత్తగా పొట్టలోకి దించి, అక్కడ తిప్పి, మొన వెనక్కి ఉండేలా పట్టుకుని తీస్తాము. మీ నాన్నగారి వంటి సందర్భంలో ముందుగా ఓవర్‌ట్యూబ్ అనే లావైన మెత్తని తొడుగును అన్నవాహికలోకి దించి, పళ్ళసెట్టును ఆ తొడుగులోకి లాక్కుని రెండింటినీ కలిపి బయటకు తెస్తాము. గోడకు గీత పడకుండా ఉండడానికీ, వస్తువు నోటి దాకా వచ్చి శ్వాసనాళంలో జారిపడకుండా ఉండడానికీ ఇది రక్ష. సాధారణంగా శ్వాసగొట్టం వేసి పూర్తి మత్తు ఇస్తారు.

పక్షవాతం వచ్చినవారికి నోటిలో స్పర్శ తగ్గుతుంది, పళ్ళు జారినా తెలియదు. వదులైన సెట్టును దంతవైద్యునికి చూపించి బిగింపు చేయించండి, రాత్రి తీసి నీళ్ళ గిన్నెలో ఉంచండి. పెద్దవారి విషయంలో ఇంకొకటి: మందుల దుకాణంలో స్ట్రిప్పును కత్తెరతో ఒక్కొక్క మాత్రగా కత్తిరించి ఇచ్చినప్పుడు, చూపు మందగించినవారు రేకుతో సహా మింగేస్తారు. చతురస్రంగా కత్తిరించిన ఆ రేకు మూలలు బ్లేడులా ఉంటాయి, ప్లాస్టిక్ భాగం ఎక్స్‌రేకు అందదు. తల్లిదండ్రులకు మాత్రలు ఇచ్చేటప్పుడు రేకు విప్పి చేతిలో పెట్టండి.

ప్రశ్న: నేను బట్టలు కుడతాను. గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకునే అలవాటు. నాలుగు రోజుల క్రితం దగ్గు వచ్చి ఒకటి మింగేశాను. మరునాటి ఎక్స్‌రేలో పేగులలో ఉందన్నారు. నొప్పి లేదు. (ఒక సోదరి, మంగళగిరి)

సమాధానం: సూది అన్నవాహికలోనో, పొట్టలోనో ఉండగా వచ్చి ఉంటే వెంటనే స్కోపుతో తీసేవారు. ఇప్పుడది స్కోపుకు అందనంత దూరం పోయింది, అయినా పేగు తనను తాను కాపాడుకునే తీరు చెబితే మీకు ధైర్యం వస్తుంది. గోడకు మొన తగిలినచోట పేగు గుంటలా వెనక్కి తగ్గుతుంది, ప్రవాహం సూదిని తిప్పి బరువైన గుండు ముందుకు, మొన వెనక్కి వచ్చేలా చేస్తుంది. చాలా సూదులు అలాగే బయటపడతాయి. మీరు చేయవలసింది రోజుకొక ఎక్స్‌రే తీయించుకుని సూది చోటు మారుతోందో లేదో చూపించుకోవడం. వరుసగా మూడు రోజులు ఒకేచోట ఉన్నా, పొట్ట నొప్పి, జ్వరం, వాంతులు వచ్చినా శస్త్రచికిత్స నిపుణుడిని కలవాలి. విరేచనాల మందు వేసుకోకండి. సూదుల కోసం మణికట్టుకు కట్టుకునే దూది మెత్త పెట్టుకోండి. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ పిన్నీసును పళ్ళ మధ్య పట్టుకునే అక్కచెల్లెళ్ళందరికీ కూడా ఇదే నా విన్నపం.

ప్రశ్న: మా బాబు ఆడుకునే చిన్న అయస్కాంతపు గోళీలలో కొన్ని తగ్గాయి. మింగాడేమో తెలియదు. హుషారుగానే ఉన్నాడు. విరేచనం కోసం చూడవచ్చా? (లక్ష్మీపురం, గుంటూరు)

సమాధానం: చూడకూడదు. ఒక్క అయస్కాంతమైతే నాణెంలా పోవచ్చు. రెండు మింగినా, ఒక అయస్కాంతంతో పాటు ఇనుప ముక్క మింగినా, అవి వేరువేరు పేగు మడతలలో ఉండి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మధ్యలో నలిగిన పేగుకు రక్తం అందక చిల్లు పడుతుంది. మొదటి రోజు బిడ్డ హుషారుగానే ఉంటాడు, మోసం అక్కడే ఉంది. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఎక్స్‌రే తీయించండి. ముందు నుంచి ఒకటిగా కనబడేవి పక్క నుంచి రెండుగా తేలవచ్చు. పొట్టలో ఉండగానే స్కోపుతో తీయడం సులువు. మిగిలిన గోళీలను లెక్కపెట్టి డబ్బాతో సహా వెంట తీసుకెళ్ళండి.

ప్రశ్న: మా అమ్మాయి చింతపిక్క మింగింది. ప్రమాదమా? (నులకపేట)

సమాధానం: కాదు. దగ్గు, ఆయాసం, పిల్లికూతలు లేకపోతే అది పొట్టలోకే వెళ్ళింది, విరేచనంలో పోతుంది. అవి ఉంటే మాత్రం పిక్క ఊపిరిగొట్టంలోకి వెళ్ళిందేమోనని వెంటనే చూపించాలి; అప్పుడు కావలసినది వేరే పరీక్ష, ఊపిరిగొట్టంలోకి చూసే బ్రాంకోస్కోపీ.

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు. మటన్ తిన్నప్పుడు ముక్క ఛాతీలో ఆగిపోవడం మూడేళ్ళలో ఇది నాలుగోసారి. నీళ్ళు తాగి నెట్టుకునేవాడిని. ఈసారి నీళ్ళు కూడా వెనక్కి వచ్చాయి, రాత్రి ఎండోస్కోపీతో ముక్కను పొట్టలోకి తోశారు. మీరు నెట్టకూడదంటారు కదా, వాళ్ళు ఎందుకు తోశారు? ఇక మటన్ మానేస్తే చాలా? (ఒక మెకానిక్, ఆటోనగర్, విజయవాడ)

సమాధానం: మీ సందేహం న్యాయమైనది. ఇంట్లో నెట్టేది చీకటిలో నెట్టడం, కింద ఏముందో తెలియదు. స్కోపుతో నెట్టేవారు ముందుగా ముక్క పక్క నుంచి దారి చూస్తారు, ఎముక లేదని నిర్ధారించుకుంటారు, ఆ తరువాత ముక్క నడిమధ్యన మెల్లగా ఒత్తుతారు. ముక్క గట్టిగా ఉంటే తోయరు, వలలాంటి సంచిలో పట్టి తీస్తారు, లేదా ముక్కలుగా చేస్తారు.

మటన్ మానేయడం జవాబు కాదు. ఆరోగ్యంగా ఉన్న అన్నవాహిక బాగా నమిలిన ముక్కను ఆపదు. నాలుగుసార్లు ఆపిందంటే అక్కడ ఏదో కారణం ఉంది. మీ వయసువారిలో నేను మొదట అనుమానించేది ఈసినోఫిలిక్ ఈసోఫజైటిస్, అంటే ఎలర్జీ వంటి చర్య వల్ల అన్నవాహిక గోడ వాచి, వలయాలు వలయాలుగా బిగుసుకుపోయే జబ్బు. పుల్లటి తేన్పుల వల్ల పుండు పడి సన్నబడడం, కింది కొసలో పలుచని పొర వలయంలా అడ్డుపడడం మిగిలిన కారణాలు. యాభై దాటినవారిలో అయితే కాన్సర్ కాదని ముందే తేల్చుకోవాలి. ఈసినోఫిలిక్ జబ్బులో అన్నవాహిక పైకి మామూలుగా కనబడవచ్చు, దాని గోడ నుంచి చిన్న ముక్క తీసి (బయాప్సీ) మైక్రోస్కోపు కింద చూస్తేనే తెలుస్తుంది. అందుకని ఆ రాత్రి చేసిన ఎండోస్కోపీ రిపోర్టు తెచ్చుకుని, బయాప్సీ తీశారో లేదో చూడండి. అత్యవసరంలో చేసినప్పుడు చాలాసార్లు తీయరు. తీయకపోతే రెండు మూడు వారాలలో మళ్ళీ ఒకసారి, పరగడుపున, అన్నవాహిక పై భాగం నుంచీ కింది భాగం నుంచీ కనీసం ఆరు ముక్కలు తీయమని అడగండి. ఆ లోపు మాంసం మెత్తగా ఉడికించి, చిన్నగా తరిగి, నమిలి తినండి. గ్యాస్ మాత్ర వాడుతూ ఉంటే పరీక్షకు ముందు ఆపాలా వద్దా అన్నది పరీక్ష చేసే డాక్టరునే అడగండి, ఎందుకంటే ఆ మాత్ర కొందరిలో ఈ జబ్బు గుర్తులను చెరిపేస్తుంది. బయాప్సీ ఫలితం వచ్చిన తరువాత దాని నకలును జతచేసి మళ్ళీ రాయండి. మందు మాటా, ఆహారం మాటా అప్పుడు చెబుతాను.